లంక చుట్ట వాసనకు దగ్గరగా వచ్చే సిగార్ ఏది? చివరి భాగం చేదెక్కకుండా కాల్చడం ఎలా?

ప్రశ్న: టాంపా నుంచి

అందరికీ నమస్కారం. నేను పదకొండేళ్ళుగా అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రంలోని టాంపాలో ఉంటున్నాను. మా స్వగ్రామం ధవళేశ్వరం బ్యారేజీకి ఎగువన, గోదావరి పాయల నడుమ ఉన్న ఒక లంక. సిగార్లను శ్రద్ధగా రుచి చూడడం నాకు రెండున్నరేళ్ళ క్రితం మొదలైన అభిరుచి. వారానికి ఒకటికి మించి కాల్చను. అదీ శనివారం సాయంత్రం, కడుపు నిండా తిన్న తరువాత, ఇంటి వెనుక వరండాలో కూర్చుని. కాల్చిన ప్రతిదాని గురించీ ఆకు ఏ దేశానిది, ఎంతసేపు కాలింది, మొదటి, నడిమి, చివరి భాగాల్లో రుచి ఎలా మారుతూ వచ్చింది అన్న వివరాలను ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. ఇప్పటికి తొంభై ఆరు సిగార్ల వివరాలు చేరాయి.

ఈ ఊళ్ళో ఉంటున్నవారికి సిగార్ మీదికి మనసు పోవడంలో వింత లేదు. విసెంటె మార్టినెజ్ ఈబోర్ అనే వ్యాపారి 1885లో ఇక్కడ స్థలం కొని, కీ వెస్ట్‌లోని తన సిగార్ల తయారీని ఇక్కడికి తరలించడంతోనే ఈబోర్ సిటీ అనే పేట పుట్టింది. క్యూబా నుంచి ఆకు ఓడల మీద వచ్చేది. పనివారు వరుసగా బల్లల ముందు కూర్చుని చుడుతూ ఉంటే, వారే తలా కొంత వేసుకుని జీతమిచ్చి పెట్టుకున్న చదువరి ఎత్తైన వేదిక మీద కూర్చుని పత్రికలూ నవలలూ గట్టిగా చదివి వినిపించేవాడు. 1931లో యజమానులు ఆ పద్ధతిని నిలిపివేశారు. ఆనాటి ఎర్ర ఇటుకల భవనాలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. అక్కడి ఒక చిన్న దుకాణంలో ఒక వృద్ధుడు ఆకును తడిపి, ఈనె తీసి, వేళ్ళ కొసలతో సాగదీస్తూ చుట్టడం చూసినప్పుడు నాకు మా తాతయ్య గుర్తుకు వచ్చారు. ఆయన సాయంత్రం అరుగు మీద కూర్చుని, పొగాకు మీద నీళ్ళు చిలకరించి, సరిగ్గా అలాగే సాగదీసి మర్నాటికి సరిపడా చుట్టలు చుట్టుకునేవారు. నేను సిగార్ల వైపు రావడానికి మొదటి కారణం ఆ జ్ఞాపకమే.

నా అనుభవాలను కొంచెం చెబితే నా ప్రశ్న స్పష్టంగా అర్థమవుతుంది. మొదట మకనూడో కఫేతో ప్రారంభించాను. దాని పై ఆకు కనెక్టికట్ షేడ్ రకం. విండ్సర్ ప్రాంతంలో 1900లో మొదలైన పద్ధతి ప్రకారం గుడ్డ పందిళ్ళ కింద, ఎండ నేరుగా తగలకుండా పెంచుతారు కాబట్టి ఆ ఆకు పలుచగా, లేత గోధుమ రంగులో ఉంటుంది. అందులో నాకు ఎండుగడ్డి వాసన, వేయించిన వేరుశనగ పప్పు రుచి, చిక్కటి పాల వంటి మెత్తదనం దొరికాయి. తరువాత ఆర్టురో ఫ్యుయెంటె వారి హెమింగ్‌వే వరుసలోని షార్ట్ స్టోరీ కాల్చాను. నాలుగంగుళాల పొడవుతో, రెండు కొసలూ సన్నబడి, చూడడానికి కూడా ముచ్చటగా ఉండే ఆ సిగార్‌కు కామెరూన్ ఆకు చుడతారు. దాల్చినచెక్క తీపి వంటిది అందులో మొదటి నిమిషం నుంచే తెలిసింది. పద్రోన్ వారి 1964 యానివర్సరీ మదూరోను మా పెళ్ళిరోజున కాల్చాను. నాలుగేళ్ళు నిలవబెట్టిన నికరాగ్వా ఆకుతో, నలుపలకలుగా ఒత్తి చేసిన ఆ సిగార్‌లో మాడీ మాడని కాఫీ గింజల రుచి, దాని వెనుక తాటిబెల్లం వంటి తీపి గంటన్నరసేపు తగ్గకుండా నడిచాయి. అంత నిలకడ నేను మరి దేనిలోనూ చూడలేదు. కిందటి వేసవిలో పని మీద టొరాంటో వెళ్ళినప్పుడు క్యూబా సిగార్ అయిన పార్తగాస్ సెరీ డి నంబర్ 4 అక్కడే కొని అక్కడే కాల్చాను. 1962 నుంచి అమెరికాలో క్యూబా సరుకు మీద నిషేధం ఉన్న సంగతి, ప్రయాణికులు తమ సామానులో తెచ్చుకునే వెసులుబాటును కూడా 2020 సెప్టెంబరులో తీసివేసిన సంగతి మీకు తెలిసే ఉంటాయి. దానిలో తొలకరి తడి మట్టి, పచ్చి తోలు, కొద్దిగా మిరియం కలిసిన ఒక లోతు ఉన్నది.

ఇక నా ప్రశ్నలు రెండు. మొదటిది, దాదాపు ప్రతి సిగార్‌లోనూ చివరి భాగం నాకు చేదెక్కుతున్నది. ఎంత మంచి ఆకైనా చివరి రెండు అంగుళాలకు వచ్చేసరికి నాలుక మండి, గొంతు పట్టినట్లు ఉంటుంది. ఒకసారి ఘాటైన ఒక నికరాగ్వా సిగార్‌ను ఆ చేదుతోనే పట్టుబట్టి చివరిదాకా కాల్చి, చెమటలు పట్టి, తల తిరిగి పడుకోవలసి వచ్చింది. రెండవది నా మనసుకు దగ్గరి ప్రశ్న. ఈ తొంభై ఆరింటిలో ఒక్కటి కూడా మా తాతయ్య చుట్ట వాసన ఇవ్వలేదు. నేను ఎప్పుడూ లంక చుట్ట కాల్చలేదు, వాసన మాత్రమే తెలుసు. కొంచెం పుల్లగా, కొంచెం కట్టెల పొగలా, తడిసిన బూడిదలా ఉండే ఆ వాసన ఆయన పంచెలో, మంచం పట్టెల్లో, చేతి కర్రలో కూడా ఉండేది. దానికి దగ్గరగా వచ్చే సిగార్ ఏదైనా ఉంటే పెద్దలు చెప్పగలరా?

జవాబు: హ్యూస్టన్ పాత కాపు

టాంపా గారికి నమస్కారం. నేను పందొమ్మిదేళ్ళుగా సిగార్లు కాలుస్తున్నాను. మీ నోటుపుస్తకం సంగతి చదివి సంతోషించాను. మీ మొదటి ప్రశ్నకు జవాబు చెప్పగలను.

చివరి భాగం చేదెక్కడానికి ఆకులో లోపం కారణం కావడం అరుదు. వేడి, తేమ, ఆత్రం అనే మూడే సాధారణంగా కారణాలు. సిగార్ లోపల ఏం జరుగుతుందో ఆలోచించండి. మంట నుంచి వచ్చే పొగ మిగిలిన ఆకు గుండా ప్రయాణించి మీ నోటికి చేరుతుంది. ఆ ప్రయాణంలో దానిలోని తారు, నికోటిన్, నీటి ఆవిరి కొంత దారిలోని ఆకు మీదే పేరుకుంటాయి. అంటే చివరి రెండు అంగుళాలు మొదటి నాలుగు అంగుళాల మడ్డిని మోస్తూ ఉంటాయి. ఆ మడ్డి నిదానంగా వేడెక్కితే ఘాటుగా మాత్రమే ఉంటుంది, మరీ వేడెక్కితే మాడి చేదవుతుంది. అందువల్ల నిమిషానికి ఒక్క గుక్కకు మించి లాగకండి. గుక్కకూ గుక్కకూ నడుమ సిగార్‌ను కదిలించకుండా పెట్టండి. కాగితపు పట్టీ ఉన్నచోట వేలితో తాకి చూసినప్పుడు వేడి తెలిసిందంటే మీరు తొందరపడుతున్నారన్న మాట. అప్పుడు రెండు నిమిషాలు ఆగి, లోపలికి లాగడానికి బదులు ఒకసారి నెమ్మదిగా బయటికి ఊదండి. లోపల నిలిచిన పాత పొగ పోయి రుచి తేరుకుంటుంది. రోబుస్తో వంటి లావు సిగార్ ఈ తొందరను కొంత ఓర్చుకుంటుంది. దాని లావు సుమారు 50 రింగ్ గేజ్, అంటే అంగుళాన్ని 64 భాగాలు చేస్తే అందులో 50, మన లెక్కలో దాదాపు 20 మిల్లీమీటర్లు. 38 రింగ్ గేజ్ ఉండే లాన్సెరో మాత్రం చెయ్యి కొంచెం తొందరపడినా మాడిపోతుంది.

తేమ గురించి ఇంకొంచెం వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే టాంపా వంటి తడి ఊళ్ళో ఉన్నవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. సిగార్లు దాచే పెట్టెలో 70 శాతం తేమ ఉండాలన్న మాట అందరూ చెబుతారు. నా అనుభవంలో 65 శాతమే మేలు. తడి ఎక్కువైన ఆకు సరిగా అంటుకోదు, అంటుకోని దాన్ని మనం గట్టిగా లాగుతాం, గట్టిగా లాగితే వేడెక్కుతుంది, వేడెక్కితే మీరు చెప్పిన చేదు పుడుతుంది. ముందుగా మీ తేమ కొలిచే పరికరం నిజం చెబుతున్నదో లేదో చూసుకోండి. ఒక చిన్న మూతలో వంట ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంతవరకు మాత్రమే నీళ్ళు కలిపి, దాన్నీ పరికరాన్నీ కలిపి గాలి చొరని డబ్బాలో ఒక రాత్రి ఉంచితే పరికరం 75 దగ్గర నిలవాలి. నా మొదటి పరికరం 68 చూపించింది. అంటే రెండేళ్ళపాటు నేను 65 అనుకున్నది నిజానికి 72! ఆ రెండేళ్ళలో బాగా లేవని పక్కన పెట్టిన సిగార్లను తరువాత మళ్ళీ కొని కాల్చినప్పుడు, తప్పు వాటిది కాదని తెలిసి బాధ కలిగింది.

ఘాటు సంగతి. పొగాకు మొక్కలో కింది ఆకులు పలుచగా ఉండి సులువుగా అంటుకుంటాయి. వాటిని క్యూబా వారు వొలాడో అంటారు. నడిమి ఆకు సెకో, అది వాసననిస్తుంది. పైన ఎండంతా తిన్న మందమైన ఆకు లిహెరో, అది బలాన్నిస్తుంది కానీ నిదానంగా కాలుతుంది. అందుకే చుట్టేవారు లిహెరోను సరిగ్గా నడిమధ్యన పెడతారు. నడిమి నిప్పు అందువల్లనే మొనదేలి ఉంటుంది. లిహెరో ఎక్కువ ఉన్న సిగార్‌ను చివరిదాకా కాల్చాలన్న నియమం ఏదీ లేదు. రుచి ముగిసిందని మీకు తెలిసిన క్షణంలో దాన్ని పళ్ళెంలో వదిలివేయండి. తల తిరిగితే వెంటనే కూర్చోండి. రెండు చెంచాల పంచదార కలిపిన నీళ్ళు తాగితే తేరుకుంటారని సిగార్ కాల్చేవారు చెబుతారు.

ఇక ఒక మాట మీరు అడగకపోయినా చెబుతాను. మీరు తాటిబెల్లం అన్నారు, తొలకరి మట్టి అన్నారు. దయచేసి ఆ మాటలను వదలకండి. కోకో, దేవదారు, నల్లద్రాక్ష అని ఇక్కడివారు రాసే మాటలు వారి వంటింటి నుంచి వచ్చినవి. కాఫీ, కోకో గింజలను వేయించినప్పుడు పుట్టే పైరజీన్ అనే పదార్థాలు పొగాకు పొగలో కూడా ఉంటాయి కాబట్టి ఆ పోలిక ఊహ మాత్రమే కాదు. అవే పదార్థాలు మన వేయించిన వేరుశనగలోనూ ఉంటాయి. నేను సిగార్ వెలిగించే ముందు పోపుల పెట్టె మూత తీసి ధనియాలు, మెంతులు, మిరియాలు, లవంగాలను ఒక్కొక్కటిగా వాసన చూస్తాను. ఆ తరువాత పొగను రుచి చూస్తే, ఇదివరకు మసాలా అని ఒక్క ముద్దగా తోచినది వేయించిన ధనియాలుగానో మాడిన మెంతులుగానో విడిగా తెలుస్తుంది. సిగార్లకు నూటికి తొంభై రెండు, తొంభై మూడు అని మార్కులు వేసే అలవాటు మీద నాకు గౌరవం లేదు. మెంతి చేదును ఇష్టపడే నాలుకకూ, ఇష్టపడని నాలుకకూ ఒకే మార్కు ఎలా సరిపోతుంది?

జవాబు: లంక రైతు బిడ్డ, రాజమండ్రి

టాంపా గారూ, మీ రెండవ ప్రశ్న చదివి రాయకుండా ఉండలేకపోయాను. మా నాన్నగారు ముప్పై ఏళ్ళు లంక పొగాకు వేశారు. నేను ఖరీదైన సిగార్లు కాల్చి ఎరుగను. అయితే మీరు వెతుకుతున్న ఆకును నాటిన చేతులు మావి.

మీ తాతగారి చుట్టకూ, మీరు వర్ణించిన సిగార్లకూ మొదటి తేడా నేలలోనే ఉంది. వరదల కాలంలో గోదావరి మా పొలాలను ముంచి, తీసినప్పుడు ఒండ్రు వదిలి వెళుతుంది. నీరు తీశాక, అక్టోబరు, నవంబరు నెలల్లో ఆ కొత్త ఒండ్రు మీద నారు నాటేవాళ్ళం. తలలు తుంచి, పిలకలు తీస్తే మొక్క బలమంతా మిగిలిన కొద్ది ఆకులలోకే వెళ్ళి అవి చెయ్యి జారేంత జిగురుగా, మందంగా తయారయ్యేవి. మీ హ్యూస్టన్ పెద్దాయన లిహెరో అన్నారే, మా చేలో దాదాపు ఆకంతా ఆ బలంతోనే ఉండేదనిపిస్తుంది. రాజమండ్రిలో 1947లో పొగాకు పరిశోధన సంస్థను స్థాపించినప్పటి నుంచీ ఈ ప్రాంతపు చుట్ట పొగాకు మీద కూడా పనిచేసినవారు ఉన్నారు.

రెండవ తేడా ఆకును ఆరబెట్టడంలో ఉంది. ప్రకాశం జిల్లాలో సిగరెట్టు కోసం పండించే వర్జీనియా ఆకును బ్యారన్ అనే మూసిన గదిలో వేడి గాలితో నాలుగైదు రోజుల్లో పండబెడతారు. ఆకులోని పిండి పదార్థం చక్కెరగా మారి, అక్కడే నిలిచిపోతుంది. అందుకే దాని పొగకు ఆమ్ల గుణం ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి పీల్చినా గొంతు అంతగా ఎదురు తిరగదు. చుట్ట ఆకు అలా కాదు. మా ఇంట్లో ఆకును తోరణాలుగా గుచ్చి పందిళ్ళ మీద వారాల తరబడి ఆరనిచ్చేవాళ్ళం. ఆ నిదానంలో ఆకు తన చక్కెరను తానే తినివేస్తుంది. ఆ తరువాత మండె వేసేవాళ్ళం, అంటే ఆకును గుట్టగా పేర్చి మగ్గనిచ్చేవాళ్ళం. మండెలో చెయ్యి పెడితే వేడి కొట్టేది, ముక్కు దగ్గర అమ్మోనియా ఘాటు గుప్పుమనేది. వేడి మితిమీరకుండా పైది కిందికీ, కిందిది పైకీ తిరగవేసేవాళ్ళం. క్యూబా, నికరాగ్వా దేశాల్లో చేసేదీ ఇదే పని అని మీ మాటల వల్లా, నేను చదివినదాని వల్లా గ్రహించాను. కానీ వాళ్ళు నెలలు, సంవత్సరాలు ఆగుతారు, ఘాటంతా పోయేదాకా మళ్ళీ మళ్ళీ తిరగవేస్తారు. మా నాన్నగారికి పంట అమ్మితే గాని అప్పు తీరేది కాదు, అందుచేత ఆయన అంతకాలం ఆగలేదు. మీరు గుర్తు చేసుకుంటున్న ఆ పులుపు, ఆ మొరటుదనం అంతా ఇంకా పూర్తిగా పక్వానికి రాని ఆకు వాసనేనని నా నమ్మకం.

జవాబు: విశాఖ దంతవైద్యురాలు

నేను సిగార్లు కాల్చను. చుట్ట మాట కనిపించింది కాబట్టి ఈ చర్చ చదివాను. మీ ఆనందానికి అడ్డుపడాలని రాయడం లేదు, కానీ ఇంత శ్రద్ధగా రుచిని గమనించే వారికి ఈ విషయం కూడా అంతే శ్రద్ధగా తెలియాలని రాస్తున్నాను.

నెమ్మదిగా ఆరిన ఆకు పొగకు క్షార గుణం ఉంటుంది. అందువల్ల ఆ పొగలోని నికోటిన్ ఊపిరితిత్తుల దాకా వెళ్ళనవసరం లేకుండానే నోటి లోపలి పొర నుంచే రక్తంలో కలుస్తుంది. పొగ మింగడం లేదు కదా అన్న ధీమా అందుకే సరికాదు. నోరు, గొంతు, అన్నవాహికల క్యాన్సర్ల ముప్పు పొగను లోపలికి పీల్చని సిగార్ వినియోగదారుల్లో కూడా పెరుగుతుంది. మన శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో కొందరు ఆడవాళ్ళు చుట్టను తిరగవేసి, నిప్పు ఉన్న కొసను నోటి లోపల పెట్టుకుని కాల్చే అలవాటును అడ్డపొగ అంటారు. ఆ వేడి నేరుగా అంగిలికి తగలడం వల్ల, ఇతర ప్రాంతాల్లో అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సర్ ఇక్కడ ఎక్కువగా కనిపించింది. నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరంలోనే అటువంటి ఒక అవ్వను చూశాను. ఆవిడ నలభై ఏళ్ళుగా కాలుస్తున్నానని, నొప్పి లేదు కాబట్టి ఎవరికీ చూపించలేదని చెప్పింది.

మీరు చేయవలసినది సులువైనదే. నెలకొకసారి అద్దం, టార్చిలైటు పెట్టుకుని అంగిలి చూసుకోండి. అక్కడ తెల్లగా మందమైన పొర, దాని మధ్య ఎర్రని చుక్కలు కనిపిస్తే అవి వేడి పొగకు వాచిన చిన్న లాలాజల గ్రంథుల నోళ్ళు. రెండు వారాలకు మానని పుండు, ఎర్రటి మచ్చ, మింగడంలో ఇబ్బంది ఉంటే ఆలస్యం చేయకుండా వైద్యులకు చూపించండి. వారానికి ఒకటి అన్న మీ నియమాన్ని ఇంకా తగ్గించగలిగితే నేను సంతోషిస్తాను.

ప్రశ్న అడిగినవారు: టాంపా నుంచి

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఏడు వారాల తరువాత తిరిగి రాస్తున్నాను. డాక్టరు గారూ, మీరు చెప్పినట్లు అంగిలి చూసుకున్నాను, ఇక్కడి వైద్యుని చేత కూడా చూపించుకున్నాను. ప్రస్తుతం ఏమీ లేదన్నారు. మీ మాట మీద నెలకు రెండింటికి తగ్గించాను. రుచిని గమనించడానికి అది నష్టమేమీ కాలేదు, నిజానికి ఇప్పుడు ప్రతి సిగార్ మీదా ఎక్కువ శ్రద్ధ పెట్టగలుగుతున్నాను.

హ్యూస్టన్ గారూ, ఉప్పు పరీక్షలో నా పరికరం 69 చూపించింది. మీ పొరపాటే నాదీ! 65 శాతానికి తెచ్చి మూడు వారాలు ఆగి, అదే రకం సిగార్‌ను మళ్ళీ వెలిగించి, గడియారం ముందు పెట్టుకుని నిమిషానికి ఒక్క గుక్క చొప్పున కాల్చాను. చివరి భాగంలో చేదుకు బదులు వేయించిన మెంతుల చేవ వచ్చింది. దానిని చేదు అనలేను. మునుపు యాభై నిమిషాల్లో అయిపోయేది ఈసారి గంటా ఇరవై నిమిషాలు నడిచింది.

తాతయ్య వాసన మాత్రం ఇంకా దొరకలేదు. ఘాటైనవి, మొరటువి వెతికి రెండు కాల్చాను, రెండూ శుభ్రంగానే ఉన్నాయి తప్ప ఆ పులుపు లేదు.

జవాబు: హ్యూస్టన్ పాత కాపు

మీరు నికరాగ్వా వైపు వెతకడం మాని ఇటలీ వైపు చూడండి. తొస్కానో అనే సిగార్ ఉంది. 1815లో ఫ్లోరెన్సులో ఎండబెట్టిన పొగాకు వానకు తడిసి, దాన్ని పారవేయలేక మళ్ళీ ఆరబెడితే అది పులిసి కొత్త రుచి వచ్చిందని, అలా ఈ సిగార్ పుట్టిందని అక్కడివారు చెప్పుకుంటారు. దానికి వాడే కెంటకీ రకం ఆకును ఓక్ కట్టెల మంట పైన, ఆ పొగలోనే ఆరబెడతారు. నడుమ లావుగా, రెండు కొసలూ సన్నగా, గరుకుగా, వంకరగా ఉంటుంది. సగానికి కోసుకుని కాల్చుకోవడం అక్కడి అలవాటు. తేమ పెట్టె కూడా అక్కరలేదు, జేబులో వేసుకుని తిరగవచ్చు. మీరు చెప్పిన కట్టెల పొగ, పులుపు రెండూ అందులో ఉన్నాయి. ఈ సంగతి మొదటి జవాబులోనే రాయవలసింది, చేదు గురించి చెప్పడంలో పడి మరచిపోయాను.

జవాబు: లంక రైతు బిడ్డ, రాజమండ్రి

టాంపా గారూ, మిమ్మల్ని ఒకటి అడగాలి. మీ తాతగారు చుట్టను ఒక్కసారే పూర్తిగా కాల్చేవారా, లేక సగం కాల్చి ఆర్పి దాచుకునేవారా? మా నాన్నగారు పొద్దున ముట్టించిన చుట్టను పనికి వెళ్ళేముందు అరుగు అంచుకు నొక్కి ఆర్పి, వంటింటి వైపు చూరులో దోపేవారు. కింద మా అమ్మ కట్టెల పొయ్యి పొగ రోజంతా దానికి తగిలేది. సాయంత్రం అదే సగం చుట్టను పొయ్యిలోని నిప్పుతో మళ్ళీ ముట్టించేవారు. మా ఇంటి వాసన అంటే నాకు గుర్తున్నది ఆ రెండవసారి ముట్టించిన చుట్ట వాసనే. మీ పెట్టెల్లో అంత జాగ్రత్తగా దాచిన సిగార్‌ను మొదటిసారి వెలిగిస్తే ఆ వాసన ఎలా వస్తుంది?

ప్రశ్న అడిగినవారు: టాంపా నుంచి

అవునండీ. చూరులోనే! చిన్నప్పుడు పీట వేసుకుని ఎక్కి ఆ సగం చుట్టను తీసి తాతయ్య చేతికి ఇవ్వడం నా పని. మీరు అడిగేంతవరకు ఆ సంగతి నాకు గుర్తుకే రాలేదు.

సిగార్ కాల్చేవారందరూ, ఆరిపోయిన సిగార్‌ను గంట దాటాక మళ్ళీ వెలిగించకూడదని, పాత మడ్డి కంపు కొడుతుందని చెబుతారు. నేనూ ఇంతకాలం ఆ నియమాన్ని తప్పకుండా పాటించాను. శుక్రవారం రాత్రి తొస్కానోను సగానికి కోసి, ఆ ముక్కలో సగం కాల్చి, వరండా మెట్టుకు నొక్కి ఆర్పి, చూరు లేదు కాబట్టి బయట కట్టెలతో కాల్చే గ్రిల్ పైఅరలో పెట్టాను. శనివారం మధ్యాహ్నం దాని కింద ఓక్ కట్టెలతో మొక్కజొన్న పొత్తులు కాల్చుకున్నాం. సాయంత్రం ఆ ముక్కను తీసి, నిప్పు కణికతో ముట్టించాను. నోటికి మాత్రం చేదు, కారం, మడ్డి. హ్యూస్టన్ గారు నేర్పిన లెక్క ప్రకారం చూస్తే అందులో మెచ్చుకోదగిన రుచి ఒక్కటీ లేదు. మూడు గుక్కలకు మించి లాగలేదు. పళ్ళెంలో పెట్టి, దానంతట అది ఆరిపోయేదాకా పక్కనే కూర్చున్నాను. లోపలి నుంచి మా అమ్మ బయటికి వచ్చి, గుమ్మం దగ్గరే ఆగి, "నాన్న వాసన వస్తోందేమిట్రా" అని అడిగింది.